రాళ్లు, మిసల్లు, మనుషులు

పోయిన వేసవిలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తెలంగాణ చరిత్ర మీద పరిశోధన మొదలుపెట్టిందట. మంచినీళ్లు తాగి, నోటుపుస్తకం తెరిచి, "సార్, ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి" అంది. నేను గుక్క తిప్పుకోకుండా పాతిక పుస్తకాల పేర్లు చెప్పాను. ఆమె శ్రద్ధగా రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు ఈ పనిలో తిరిగినవాణ్ణి. దారి పేరు చెప్పానుగానీ ఆ దారిలో గుంతలెక్కడున్నాయో చెప్పలేదు. వాటిలో చాలావాటిలో నేను పడి లేచినవాణ్ణే. ఆ రోజు చెప్పకుండా మిగిలిపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

1. సొంత ఊరి చెరువుకట్ట చూడనివాడు రాజ్యాల చరిత్ర రాయబూనకూడదు.

నాది నల్లగొండ జిల్లా. కాలేజీలో పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందని పాత పుస్తకాల్లో ఉన్నట్టే చెప్పేవాణ్ణి. పిల్లలు అలాగే రాసేవారు, నేను మార్కులు వేసేవాణ్ణి. మా జిల్లాలోనే, నకిరేకల్లు దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని భూమి దానం చేసినట్టు అందులో ఉంది. తేదీ 1289 నవంబరు 27. అంటే ఆనాటికే ఇద్దరూ కన్నుమూశారు. ఊరి పొలిమేరలోని ఒక్క రాయి పెద్ద పుస్తకాల్లోని తేదీని మార్చేసింది. నేను ఆ దారిన బస్సులో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు. చరిత్ర అంటే హైదరాబాదులోనో లండన్‌లోనో ఉంటుందనుకునే వయసది. మీరు ఆ పొరపాటు చేయకండి. ముందు మీ ఊరి గుడి మండపం, చెరువు తూము, పడిపోయిన బురుజు, దర్గా గోడ చూడండి. శాసనం ఉన్న బండను బట్టలుతకడానికి వేసుకున్న ఊళ్లు నేను చాలా చూశాను.

2. కనుగొన్నానని చాటే ముందు పాత సంపుటాలు తిరగెయ్యండి.

ఒక ఏడాది కంది చేనులో ఒరిగిపడి ఉన్న శాసనం ఒకటి కనబడింది. సుద్దముక్కతో అక్షరాలు దిద్ది, చదివి, ఒక పత్రికకు వ్యాసం పంపించాను. అచ్చయింది. వారం తిరక్కుండానే ఒక పెద్దాయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "ఆ శాసనం అచ్చయి చాలా ఏళ్లయింది నాయనా" అని, సంపుటం పేరు, పుట సంఖ్య రాశారు. కింద ఇంకో వాక్యం: "శకసంవత్సరంలో ఒక అంకె తప్పు చదివావు." తలెత్తుకోలేకపోయాను. హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ 1914లోనే ఏర్పడింది. గులాం యజ్దానీ ఆధ్వర్యంలో ఆ శాఖ శాసనాలను ఒక గ్రంథమాలగా అచ్చువేసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' తెచ్చింది. కేంద్ర శాసన శాఖ సంపుటాలు, ఎపిగ్రాఫియా ఇండికా, తర్వాత వచ్చిన జిల్లాల వారీ సంపుటాలు వేరే. ఇవన్నీ చూశాకే చేనులోకి దిగాలి. దిగినప్పుడు సుద్దముక్క జేబులోంచి తీయకండి. సుద్ద రాసేవాడు తనకు కనబడాలనుకున్న అక్షరాన్నే దిద్దుతాడు. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది ఎస్టాంపేజీ తీయండి. అది మీ ఇష్టాయిష్టాలు చూడదు.

3. సంవత్సరం ఒక్కటే రాసుకుంటే, సంవత్సరమూ దక్కదు.

వరద బాధితులకు సాయం గురించిన ఒక ఉర్దూ ఉత్తరం నాకు దొరికింది. నోటుపుస్తకంలో "సం. 1326" అని మాత్రం ఎక్కించుకున్నాను. ఇంటికి వచ్చాక దాన్ని శిస్తు లెక్కల ఫసలీ సంవత్సరం అనుకున్నాను. ఫసలీకి 590 కలిపితే 1916 వస్తుంది. మూసీకి 1908 సెప్టెంబరులో మహా వరద వచ్చిన సంగతి అందరికీ తెలుసు కదా. "ఆ తర్వాత ఎనిమిదేళ్లకే మరో వరద! ఎవరూ పట్టించుకోలేదు!" అని ఉత్సాహంగా ఒక సభలో వ్యాసం చదివాను. రెండేళ్ల తర్వాత అదే కాగితం మళ్లీ చూస్తే, సంవత్సరం పక్కనే షవ్వాల్ అని నెల పేరుంది. అది హిజ్రీ నెల. హిజ్రీ 1326 అంటే సరిగ్గా 1908. నేను కనిపెట్టిన వరద అసలు రానేలేదు. నెల పేరు రాసుకుని ఉంటే ఈ పరువు నష్టం తప్పేది. ఫసలీలోనూ తిరకాసుంది. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలైతే, హైదరాబాదు ఫసలీ ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలయ్యేది. శకసంవత్సరానికి 78 కలపడం అందరికీ తెలుసు. తిథి, వారం కూడా సరిపోయాయో లేదో స్వామికన్ను పిళ్లై పట్టికల్లో చూడటం మాత్రం కొందరే చేస్తారు. మీరు ఆ కొందరిలో ఉండండి.

4. అద్దెకళ్లతో ఎంతో దూరం చూడలేం.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబు కాలాల కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. ఫార్సీలో, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాతలో. చుక్కలుండవు, అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడిపోతుంటాయి. ఆ తర్వాత నిజాముల కాలపు ఫర్మానాలు, సనదులు, మున్తకాబులు, మిసల్లు అనే సర్కారీ ఫైళ్లు. 1880ల దాకా సర్కారు భాష ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. ఇవి చదవడం రాకుండా తెలంగాణ చరిత్రలో రెండున్నర శతాబ్దాలు రాయబోవడం, ఈత రాకుండా గోదావరిలో దిగడమే. నేను అలాగే దిగాను. పాతబస్తీలో ఒక మౌల్వీసాబు ఉండేవారు. ఆదివారాలు ఆయన చదివేవారు, నేను తెలుగులో రాసుకునేవాణ్ణి. "బేటా, నేను చదివితే నీకు నా చదువు దొరుకుతుంది, కాగితం దొరకదు" అనేవారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆయన పోయాక, యాభయ్యో ఏట ఉర్దూ అక్షరాలు దిద్దాను. అప్పుడు తెలిసింది, ఆయన 'మక్తబ్' అని చదివినచోట నేను 'మక్తా' అని రాసుకున్నానని. మక్తబ్ అంటే బడి, మక్తా అంటే గుత్తకిచ్చిన భూమి. ఒక ఊరి బడి నా పుస్తకంలో కౌలు లెక్కగా మారిపోయింది. ఫార్సీ ఎప్పటికీ రాలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఏడాది కేటాయిస్తే ఉర్దూ వస్తుంది. ఆ ఏడాదిని ఆదా చేశాననుకుని నేను ముప్పై ఏళ్లు పోగొట్టుకున్నాను.

5. రాసిన చెయ్యి ఎవరిదో తెలిశాకే రాతకు విలువ కట్టాలి.

కర్నల్ కాలిన్ మెకంజీ భూములు కొలవడానికి వచ్చి, చరిత్రలో పడిన మనిషి. 1815లో భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. ఆయన కింద పనిచేసిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి మన తెలుగువాళ్లు. వారూ వారి మనుషులూ ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన కైఫీయతులు లేకపోతే మన గ్రామ చరిత్ర సగం చీకటే. నేను మొదటిసారి ఒక కైఫీయతు చదివినప్పుడు, అందులో ప్రతాపరుద్రుడు ఇచ్చినట్టు చెప్పిన ఇనాము నిజంగా ప్రతాపరుద్రుడే ఇచ్చాడని రాసేశాను. కొత్తగా కుంపిణీ పాలన వచ్చి, ఇనాములు ఎవరివి, ఎప్పటివి అని ఆరా తీస్తున్న రోజులవి. ఇనాము అనుభవిస్తున్న ఇంటి పెద్దే సమాచారం చెబితే, తన హక్కుకు కాకతీయుల అండ వెతుక్కోడా? అయితే కైఫీయతును పక్కన పడెయ్యమని కాదు. ఆ ఊళ్లో ఏ పంట పండేది, ఏ కులాలవారుండేవారు, చెరువు ఎప్పుడు తెగింది, జాతర ఎలా జరిగేది వంటివి అందులో అమూల్యంగా దొరుకుతాయి. రాజు మాట దగ్గర మాత్రం శాసనాన్ని సాక్షికి పిలవండి. ఇంకొకటి. కైఫీయతులు ఎక్కువగా కోస్తా, సీమ ఊళ్లవి. నిజాం ఏలుబడిలోని ఊళ్లవి తక్కువ. కైఫీయతు లేని ఊరికి చరిత్ర లేదనుకోకండి. అడిగే మనిషి అటు రాలేదు, అంతే.

6. కావ్యమూ దస్త్రమే, పాత పత్రికలో ప్రకటనా దస్త్రమే.

కుర్రతనంలో నాకు కాస్త పొగరుండేది. శాసనం, సర్కారీ కాగితం తప్ప మిగతావి ఆధారాలే కావనేవాణ్ణి. మూడేళ్లు రెవెన్యూ లెక్కల్లో మునిగాను. జొన్నల మీద పన్ను ఎంతో తేలింది. ఆ జొన్నలతో జనం ఏం వండుకున్నారో, పండుగకు ఏం కట్టుకున్నారో తేలలేదు. అప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మళ్లీ తెరిచాను. 1949లో వచ్చిన ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. నేను పద్యాలని పక్కన పెట్టిన కావ్యాల్లోంచే ఆయన తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలు అన్నీ ఏరారు. ఆయనే 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక సంచికలు చూడండి. సంపాదకీయం తర్వాత చదవొచ్చు. ముందు ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలు, ధరవరలు చదవండి. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, హనుమకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, కోస్తాలో 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం... ఇలాంటి గ్రంథాలయాలే మన పాత పత్రికలను బతికించాయి. ఇప్పుడు చాలావాటి స్కాన్ ప్రతులు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. సంతోషమే. కానీ స్కాన్‌లో అంచు తెగినచోట, పుట జారినచోట అసలు సంచిక దగ్గరకు వెళ్లక తప్పదు.

7. దస్త్రంలో పేరు లేనివారే ఊరిని మోశారు.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం గురించి మా వైపు ఊళ్లలో ముసలివాళ్లను అడుగుతూ తిరిగాను. అడిగిందంతా మగవాళ్లనే. ఒక ఇంట్లో ఆయన ఒక రాత్రి ముచ్చట చెబుతుంటే, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది: "ఆ రాత్రి నువ్వు యాడున్నవ్? గుట్టకాడికి అన్నం మూట మోసింది నేను గద." ఆయన నవ్వేశాడు. నేనూ నవ్వేశాను. టేపు మాత్రం ఆయన వైపే పెట్టి ఉంచాను. కొన్నేళ్లకు, 1986లో, స్త్రీశక్తి సంఘటన వారు పోరాటంలోని స్త్రీల మాటలనే పోగుచేసి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అది చదువుతూ సిగ్గుపడ్డాను. టేపు ఆమె వైపు తిప్పడానికి ఎంతసేపు పట్టేది? రాళ్ల మీద పేర్లు చెక్కించుకునే స్తోమత లేని కులాల చరిత్ర కూడా ఇలాగే నోళ్లలో ఉంది. మాదిగల కోసం డక్కలివారు చెప్పే జాంబపురాణం, పద్మశాలీల కోసం కూనపులివారు పటం విప్పి చెప్పే మార్కండేయ పురాణం, ముదిరాజుల కోసం కాకిపడగలవారు చెప్పే కథ, ఇవన్నీ కల్పనలని నేను దాటిపోయాను. ఒక జనం తమను తాము ఎవరనుకున్నారో చెప్పే ఆధారం అంతకన్నా మంచిది ఏది?

8. ఒక రాష్ట్రం చరిత్ర ఒక్క ఊళ్లో దొరకదు.

పటంలో గీతలు మారిన ప్రతిసారీ కాగితాలు కూడా చెదిరిపోతాయి. హైదరాబాదు రాజ్యంలో తెలుగు జిల్లాలతోపాటు మరాఠీ, కన్నడ జిల్లాలుండేవి. 1956లో అది మూడు ముక్కలైంది. ఆంధ్ర, సీమ జిల్లాలు 1953 దాకా మద్రాసులో భాగం కాబట్టి, వాటి పాత దస్త్రాల్లో చాలావాటి కోసం ఇప్పటికీ చెన్నై ఎగ్మూరుకు రైలెక్కాలి. మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్చివాళ్ల కాగితాలు హేగ్‌లో, ఇంగ్లీషువాళ్లవి లండన్‌లో ఉన్నాయి. అమరావతి శిల్పాలు కూడా చెన్నైకి, లండన్‌కు పంచుకుపోయారు. నేను నిజాం రాజ్యంలో రైతుల గురించి పుస్తకం రాస్తూ, హైదరాబాదు దాటలేదు. ఔరంగాబాదు, గుల్బర్గా వైపు రైతు ఎలా బతికాడో చూడలేదు. అందుకే అక్కడా ఉన్న కష్టాన్ని మన ఒక్కరిదే అన్నట్టు రాశాను. ఏ ఆర్కైవ్స్‌కు వెళ్లినా గైడు ఉత్తరం, గుర్తింపు కార్డు, పెన్సిలు, ఓపిక పట్టుకెళ్లండి. పెద్ద అధికారికి నమస్కారం పెట్టండి, తప్పులేదు. కానీ ఏ కట్ట ఏ అరలో ఉందో తెలిసింది కట్టలు మోసే అటెండరుకే. ఆయన పేరు తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. తెలిశాక, అంతకుముందు లేదన్న మిసలు పావుగంటలో బల్ల మీదికి వచ్చింది.

9. రేపు వస్తానన్న ఇంటికి ఈరోజే వెళ్లండి.

1980ల మధ్యలో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. సర్కారుకు అప్పజెప్పినవి అప్పజెప్పగా, తరాల నాటి కాగితాలు చాలా ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో మిగిలిపోయాయి. ఒక ముసలి పట్వారీగారు నాకు తన పెట్టె తెరిచి చూపించారు. పాత పహాణీలు, వసూలు లెక్కలు, ఉత్తరాలు, చెరువు మరమ్మతు ఖర్చుల చిట్టా. "తీరిగ్గ రాండ్రి, దసరా ఎల్లినంక కూసుందాం" అన్నారు. దసరా వెళ్లింది. పరీక్ష పేపర్లు, ఇల్లు కట్టడం, పిల్ల పెళ్లి. నేను వెళ్లేసరికి మూడు దసరాలు గడిచాయి. గోడ మీద ఆయన ఫోటోకు దండ ఉంది. కోడలు మర్యాదగా కూర్చోబెట్టి, "కాయితాలా సార్? తూకానికి ఏసినం" అంది. ఆమె తప్పేముంది? ఆ కాగితాల విలువ తెలిసినవాణ్ణి నేను. రానివాణ్ణీ నేనే. ట్రంకుపెట్టె అక్కడే ఉంది, అందులో బియ్యం పోసుకున్నారు. నలభై ఏళ్లలో నేను చేసిన తప్పుల్లో చాలావాటిని ఇంకెవరైనా దిద్దగలరు. దీన్ని ఎవరూ దిద్దలేరు.

10. దాచుకున్న ఆధారం, దొరకని ఆధారం రెండూ ఒకటే.

ఒకప్పుడు ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చి, నేను తీసిన ఎస్టాంపేజీలు ఒకసారి చూపించమని అడిగాడు. నా పుస్తకం వచ్చాక చూద్దువుగానీ అన్నాను. ఆ పుస్తకం రాలేదు. అటక మీది కట్టల్లో రెండింటిని చెదలు తిన్నాయి. వాటిలోని ఒక శాసనం చెక్కి ఉన్న గుట్టను ఆ తర్వాత కంకరకు పగలగొట్టారు. ఆ అక్షరాలు ఇప్పుడు రాతి మీదా లేవు, కాగితం మీదా లేవు. ఆ కుర్రవాడు చూసి ఉంటే కనీసం అతని నోటుపుస్తకంలో ఉండేవి. మీకు దొరికినదాన్ని, దొరికిన చోటు, తేదీ, చూపించినవారి పేరుతో సహా రాసి, ఇంకో ఇద్దరి చేతుల్లో పెట్టండి. మీకన్నా ముందు వాళ్లు వ్యాసం రాసేస్తారేమోనని భయపడకండి. రాయనివ్వండి.

వేసవిలో వచ్చిన ఆ అమ్మాయికి పోయిన నెల ఫోను చేశాను. మిగిలిన కట్టలన్నీ, మౌల్వీసాబు దగ్గర రాసుకున్న నోటుపుస్తకాలతో సహా, ఆటోలో వేసి పంపించాను. మక్తా అని రాసుకున్నచోట ఎర్రసిరాతో మక్తబ్ అని దిద్దాను. ఒక కట్ట మీద చీటీ అంటించాను: వాకిట్లో చింతపండు గింజలు తీసిన ఆ ముసలమ్మ ఊరి పేరు, ఇంటి గుర్తు. ఆమె ఇప్పుడు తొంభై దాటి ఉంటుంది. "ముందు అక్కడికి వెళ్లమ్మా, కట్టలు తర్వాత విప్పుకోవచ్చు" అని చెప్పాను.